చాయ్ హోటల్‌లో వేసిన ముప్పైతొమ్మిది టీకాలు

పెన్షన్ కాగితాలు నింపే గుమాస్తా ఈ మధ్య నన్నొక మాట అడిగాడు. "కాకా, ఒంటిమీద గుర్తింపు మచ్చలు రెండు చెప్పండి."

"రెండేనా?" అన్నాను. ముప్పై ఏళ్లు నాందేడ్ జిల్లా దుమ్ములో సైకిలు తొక్కినవాడి ఒంటిమీద మచ్చలకు కరువేమిటి? కుడి పిక్క మీద బిలోలి కుక్కలు వంతులవారీగా సంతకాలు పెట్టాయి. మోకాలి మీద ముఖేడ్ సంతలో ఒక ఎద్దు తన అభిప్రాయం వివరంగా రాసింది. అవన్నీ చదివి వినిపిస్తే ఆ కచేరీలో ఉన్న కాగితాలన్నీ చాలవు. గడ్డం కింది పుట్టుమచ్చ ఒకటి రాయించి, రెండోదిగా ఎడమ జబ్బ మీది టీకా మచ్చ రాసుకొమ్మన్నాను.

అతను కలం ఆపి నా మొహం చూశాడు. చూసి ఒక మాట అన్నాడు. అదేమిటో చివర్లో చెబుతాను. ఆ మచ్చ సంగతి ముందు తెలియకపోతే ఆ మాట మీకు పట్టదు.

ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలారా, ఇది మీకోసమే. మోకాళ్లు మొరాయించడంతో వయసు నిండకముందే ఉద్యోగం మానుకుని కూర్చున్నాను కాబట్టి నాకు తీరిక దండిగా ఉంది. మీలో మశూచి చూసినవాళ్లు లేరు. మీ తాతల మొహాల మీద జల్లెడ చిల్లుల్లాంటి గుంటలు చూసి ఉంటారు, అంతే. ఆ రోగం ఇవాళ లోకంలో లేదంటే అందులో నా చెయ్యి కూడా ఉంది. నేను పొడిచిన జబ్బలన్నీ వరసగా పేరిస్తే నాందేడ్ స్టేషన్‌లో మొదలై, హైదరాబాదు దాటి, బందరు దగ్గర సముద్రంలో పడతాయని మా ఇంట్లో చెబుతుంటాను. బాసర దాకా వస్తే గొప్పే అంటుంది మా ఆవిడ.

అన్ని జబ్బల్లో నాకు బాగా గుర్తున్నవి మాత్రం ముప్పైతొమ్మిది. అవి నేను పొడవనివి.

అరవైల చివరి సంగతి. నాందేడ్ పాత ఊళ్లో మన తెలుగువాళ్ల గల్లీ ఒకటి ఉండేది. మగ్గాల పనికని ఎప్పుడో నిజామాబాద్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. పొద్దున్నే కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా పనికి పోతే గల్లీలో మిగిలేది పసిపిల్లలు, ముసలివాళ్లు.

మొదట ఆ గల్లీ నా తోటి టీకాదారుది. మరాఠీ మనిషి, సన్నగా ఎండిన కందికట్టెలా ఉండేవాడు. ఆ గల్లీ అతని వంతుకు వచ్చాక ఏడాదిలో మనిషి నిగనిగలాడాడు. సంగతేమిటని అడిగితే, "ఆ ముసలివాళ్లు ఏమంటారో నాకు తెలియదు బాబా. వాళ్లు ఏదో అంటారు, నేను తలూపుతాను. చెంబుతో మజ్జిగ ఇస్తారు. తాగి వచ్చేస్తాను" అన్నాడు. పిల్లలకు వేసేవాడు. ముసలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి మజ్జిగ. ఏడాది మొత్తం మీద కుండలు కుండలు తాగాడు గాని ఒక్క ముసలి జబ్బ చూడలేదు. రిజిస్టర్‌లో వాళ్ల గడులన్నీ ఖాళీ. పక్కన కారణం: భాషా ఇబ్బంది.

మా సూపర్వైజరు గడుల మనిషి. ఖాళీ గడి కనపడితే ఆయనకు అన్నం సయించేది కాదు. పైవాళ్లు ఎప్పుడూ అడిగేది పిల్లల గడులే, అవి నిండితే చాలు, అయినా ఖాళీ ఖాళీయే కదా. ఆయన మూడు రోజులు ఆలోచించి, తంబాకు డబ్బా మూడుసార్లు ఖాళీ చేసి, ఒక ఉత్తర్వు రాశాడు: "సదరు గల్లీకి భాష తెలిసిన కర్మచారిని నియమించడమైనది." ఆ కర్మచారిని నేనే. ఉత్తర్వు చదివిన రోజు నేను రెండంగుళాలు పొడుగెదిగాను. నాందేడ్‌లోని సమస్త తెలుగు వృద్ధుల ప్రాణాలూ నా నాలుక మీద నిలబడి ఉన్నాయనుకున్నాను.

మర్నాడు సంచీ తగిలించుకుని వెళ్లాను. గల్లీ మొదటి ఇంటి అరుగు మీద ఒక తాత కూర్చుని ఉన్నాడు. ఆయన లేవడం ఎవరూ చూడలేదు. ఇల్లు కట్టకముందే ఆయన అక్కడ కూర్చుంటే, కదిలించడం ఇష్టం లేక ఆయన చుట్టూ అరుగు కట్టారని గల్లీలో అనుకునేవాళ్లు.

"అవ్వల్‌ల సెప్పు. ఎవల కొడుకువు?" అన్నాడు.

చెప్పాను.

"గాయినెవలు? ఏ ఊరు?"

"బిలోలి తాతా."

"బిలోల్ల ఎవలింటోళ్లు? మీ అమ్మగారిదేడ? మీ నాయినమ్మను ఏ ఊరికెల్లి తెచ్చిండ్రు?"

నా తండ్రి నుంచి తాతకు, తాత నుంచి ముత్తాతకు, అక్కడ పక్కదారి పట్టి ఎవరో మేనత్త తోడికోడలు పుట్టింటికి వెళ్లి, నేను ఆయనకు అల్లుడి వరస అవుతానని తేల్చేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. "ఇగ మామా అను" అన్నాడు. అన్నాను. సంతోషించి, అరుగు మీదనుంచే గల్లీలో ఉన్న ముసలివాళ్లందరి పేర్లూ వయసులతో సహా అప్పజెప్పాడు. ముప్పైతొమ్మిది. నేను రాసుకున్నాను. రెండో ఇంట్లో మళ్లీ ఎవల కొడుకువు. మూడో ఇంట్లో, అల్లుడు వచ్చాడని సర్వపిండి కాల్చడానికి కూర్చున్నారు. తినకుండా కదిలితే గల్లీకి అవమానమట. పొద్దుగూకేసరికి నా ఖాతాలో ముగ్గురు పిల్లలు, నాలుగు సర్వపిండ్లు. ముసలివాళ్లు సున్నా.

చూశారా తమాషా? భాష రాక అతను వెయ్యలేదు. భాష వచ్చి నేను వెయ్యలేకపోయాను.

సూపర్వైజరుకు చెప్పుకున్నాను. ఆయన తంబాకు నలుపుతూ, "ముసలివాళ్లంటే నిజాం కాలంలో వేయించుకునే ఉంటారయ్యా. పాత మచ్చ అందరికీ ఉంటుంది. గడి నింపు" అన్నాడు.

నింపాను. గల్లీ మూల మీద ఒక చాయ్ హోటల్ ఉండేది. ఒక చాయ్ తెప్పించుకుని, రిజిస్టర్ తెరిచి, ముప్పైతొమ్మిది పేర్లు రాసి, ఒక్కొక్కరి ఎదుట "పాత మచ్చ ఉంది. మళ్లీ టీకా వేయడమైనది. ఫలితం: విజయవంతం" అని రాశాను. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని అక్కడక్కడ "మొదట నిరాకరించి, నచ్చజెప్పగా ఒప్పుకున్నారు" అని కూడా చేర్చాను. నచ్చజెప్పిన సన్నివేశాలు రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. చాయ్ చల్లారకముందే గల్లీ మొత్తానికి మశూచి రాకుండా చేశాను. ప్రపంచంలో ఏ వైద్యుడూ కూర్చున్నచోటి నుంచి ఇంత వేగంగా పని చెయ్యలేదు. నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని సూపర్వైజరు ఆ పేజీలను మిగతా టీకాదారులకు చూపించాడు.

ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి.

ఒకరోజు పొద్దున కబురు వచ్చింది. ఆ గల్లీలో ఒక కుర్రవాడికి ఒళ్లంతా పొక్కులు. పాతికేళ్లవాడు, మగ్గం పని. మేం వెళ్లే వేళకు ఎప్పుడూ మగ్గం మీదే ఉండేవాడు కాబట్టి వాడి జబ్బా మాకు దొరకలేదు. పన్నెండు రోజుల కిందట వేరే తాలూకాలో చుట్టాల పెళ్లికి వెళ్లి వచ్చాడు. మొన్నటి నుంచి జ్వరం, ఆ పొద్దున మొహం మీద పొక్కులు. మశూచే.

జిల్లా ఆసుపత్రి నుంచి పెద్ద డాక్టరు జీపులో వచ్చాడు. వెనక సూపర్వైజరు, నేను. రోగిని ఇంట్లోనే విడిగా ఉంచాలి. దగ్గర ఒకే మనిషి ఉండాలి, ఆ మనిషికి టీకా పడి ఉండాలి. అది నిబంధన. కుర్రవాడికి తల్లీ తండ్రీ లేరు. పెళ్లాం నిండు నెలల గర్భిణి, ఆమెను వెంటనే పుట్టింటికి పంపేశారు. మిగిలింది వాడి నాయనమ్మ. గల్లీ అంతా పెద్దవ్వ అనేవారు. అరుగు మీది తాతకు అక్క. అరవై అయిదు దాటిన మనిషి, బక్కగా, నిటారుగా, అల్లెతాడులా ఉండేది. మణికట్టు నుంచి మోచేతి దాకా రెండు చేతుల నిండా పచ్చబొట్లు.

డాక్టరు రిజిస్టర్ తెప్పించి, గల్లీ మధ్యలో నిలబడి, పెద్దవ్వ పేరు వెతికి మరాఠీలో పైకి చదివాడు. "పాత మచ్చ ఉంది. మళ్లీ టీకా వేయడమైనది. ఫలితం: విజయవంతం." తలెత్తి దూరం నుంచే ఆమె చేతులు చూశాడు.

"చేతుల నిండా పచ్చబొట్లే. మచ్చ ఏది?" అన్నాడు.

"వాటిలో ఎక్కడో కలిసిపోయి ఉంటుంది సాహెబ్" అన్నాడు సూపర్వైజరు హుషారుగా.

"సరే, ఈమె రోగి దగ్గర ఉండొచ్చు. మిగతావాళ్లెవరూ లోపలికి పోకూడదు." తర్వాత నా వైపు తిరిగి, "శాబ్బాస్. పని అంటే ఇలా ఉండాలి" అన్నాడు.

ముప్పై ఏళ్ల నౌకరీలో పెద్ద అధికారులు నన్ను మెచ్చుకున్న సందర్భాలు రెండో మూడో. మొదటిది ఇదే. సలసల కాగే చాయ్‌ని కాలర్‌లోంచి వీపు మీద పోసినట్టుంది.

డాక్టరు జీపు వైపు నడిచాడు. నేను పెద్దవ్వ గుమ్మం దగ్గరికి పరుగెత్తాను. ఒక్క ఆశ ఉంది నాకు. సూపర్వైజరు చెప్పినట్టు నిజాం కాలపు మచ్చ నిజంగానే ఉందేమో.

"అవ్వా, నీకు చిన్నప్పుడు టీకా ఏసిండ్రా?"

"ఏడేసిండ్రు బిడ్డా! సర్కారోడు గిర్ర వట్టుకొని ఊర్లకచ్చిండంటే మా అమ్మ నన్ను వడ్ల గుమ్మిల దాసింది. నేను గుమ్మిలనే నిద్రవోయిన. ఆడు పోయిండు."

గిర్ర అంటే పాతకాలపు టీకా పనిముట్టు. పళ్లున్న చిన్న చక్రం. చర్మం మీద పెట్టి తిప్పేవాళ్లు. దాన్ని చూస్తే గుమ్మిలో దాక్కోని మనిషి ఉండడు.

"పోనీ అమ్మోరు పోసిందా ఎప్పుడన్న?"

"నా మొకం సూడు. ఒక్క గుంటన్న ఉన్నదా? అద్దమోలె లేదూ?"

అద్దంలాగే ఉంది. టీకా లేదు, రోగం వచ్చి పోయింది లేదు. ఆ మనిషిని నా ముత్యాల్లాంటి అక్షరాలు మశూచి మంచం పక్కన కూర్చోబెడుతున్నాయి. వెంటనే వేస్తే ఆ సూది ఇంకా పనికొస్తుంది. రోగం అంటుకునేది పొక్కులు లేచాకే, అవి లేచింది ఆ పొద్దుననే. ఎవరికీ తెలియకుండా పొడిచేస్తే ఆమే బతుకుతుంది, నేనూ బతుకుతాను. సంచీ విప్పి గొంతు తగ్గించాను.

"అవ్వా, జర చెయ్యి ఇయ్యి. ఇప్పుడేస్త."

"నాకెందుకురా?" ఆమె గొంతు తగ్గించలేదు. "పదేండ్ల సంది అస్తున్నరు. పిల్లల్ని తేండ్రి, పిల్లల్ని తేండ్రి అని గల్లీ అదిరిపోయేటట్టు ఒర్లుతరు. ముసలోళ్లు గూడ రాండ్రని ఒక్కడన్న పిలిసిండా? గియ్యాల మా మీద గింత ప్రేమ, గింత పావురం ఎందుకచ్చింది?"

నేను సంచీలోంచి సూది తీశాను.

"అయినా నాకేసినవటగద. గా పెద్దసాబు సదివిండు. ఎప్పుడేసినవ్ బిడ్డా? కలలకచ్చి ఏసినవా?"

"నీకు మరాఠీ అర్థమైతదా?"

"యాభై ఏండ్ల సంది గీ నాందేడ్ల కూరగాయలు బేరం జేస్తున్న. నీ మరాఠీ కన్న నాదే సాఫ్ ఉంటది. ఎవడన్న అడిగితెగద తెలిసేది!"

ఏడాదిపాటు ఖాళీ గడుల పక్కన భాషా ఇబ్బంది అని రాసుకున్నాం మేము. ఆ ఇబ్బంది ఎవరిదో ఎవరూ రాయలేదు.

పెద్దవ్వ కొంగు బిగించింది. "పో. గా సాబు దగ్గరికి పోయి, ఏయకుండనే రాసిన అని సెప్పిరా. గప్పుడు చెయ్యి ఇస్త. లేకుంటె గిట్లనే లోపటికి పోత. నాకేమన్నైతే నీ రిజిస్టర్ సల్లగుంటది."

అని ఒక కాలు గడప లోపల పెట్టింది.

జీపు ఇంజను మొదలైంది. గుమ్మం నుంచి జీపు దాకా ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల్లో నేను పదహారు రకాల అబద్ధాలు తయారుచేశాను. ఒక్కొక్కటీ రిజిస్టర్‌లో రాసినదాని కన్నా అందంగా ఉంది. జీపు పక్కకు చేరేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"సాహెబ్, ఆ ముసలమ్మకు నేను టీకా వెయ్యలేదు."

సూపర్వైజరు ముందుకు దూకాడు. "ఎండ దెబ్బ సాహెబ్. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు పాపం."

డాక్టరు ఇంజను ఆపించాడు. "ఈమె ఒక్కతేనా?"

"ముప్పైతొమ్మిది మంది, సాహెబ్."

"మరి ఇవన్నీ ఎక్కడ రాశావు?"

నేను గల్లీ మూలకు వేలు చూపించాను. డాక్టరు ఆ చాయ్ హోటల్ బోర్డు వైపు చాలాసేపు చూశాడు. దాన్ని జిల్లా ఆసుపత్రిలో విలీనం చేద్దామా అని ఆలోచిస్తున్నట్టు. తర్వాత జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, జీపు బానెట్ మీద రిజిస్టర్ పెట్టి, ముప్పైతొమ్మిది వరసలూ తనే కొట్టేశాడు. ఒకే అడ్డగీత పెడితే పోయేది. అలా చెయ్యలేదు. ఒక్కొక్క పేరు చదివి ఒక్కొక్క గీత. ఆ పెన్సిల్ బరబర ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"రోగి దగ్గరికి ఆసుపత్రి నుంచి మనిషిని పంపుతాను. ఈమె బయటి గదిలోనే ఉండాలి. ఈమెకు ఇప్పుడే వెయ్యి. మిగతావాళ్లకు పొద్దుగూకేలోగా. నీ సంగతి తర్వాత" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి పెద్దవ్వ గడప లోపల కాలు అలాగే ఉంచి నిలబడి ఉంది.

"సెప్పినవా?"

"సెప్పిన."

"ఏమన్నడు?"

"నా సంగతి తర్వాత సూస్త అన్నడు."

"మంచిగన్నడు. ఇగ నీది సూపియ్యి."

"ఏంది అవ్వా?"

"నీ జబ్బ. ఊరందరిని పొడిసేటోనివి, నీకున్నదా?"

చొక్కా చెయ్యి పైకి మడిచాను. చిన్నప్పటి మచ్చ చెరిపేసిన పలకలా ఉంది. టీకాదారులు ఏటేటా మళ్లీ వేయించుకోవాలని మాకు నియమం. సిబ్బంది రిజిస్టర్‌లో నా పేరు ఎదుట కూడా "విజయవంతం" అని ఉంది. రాసింది నేనే. అదే హోటల్, అదే చాయ్. అది నలభయ్యోది, డాక్టరుకు చెప్పనిది.

"సూది ఇటియ్యి" అంది పెద్దవ్వ.

కొత్త సూది అప్పటికి వచ్చి కొద్దికాలమే అయింది. కొసన రెండు పళ్లు, వాటి మధ్య ఒక్క మందు చుక్క. ఎవరైనా వెయ్యొచ్చు, అంత సులువని మాకు శిక్షణ తాలీమ్‌లో చెప్పారు. ఎవరైనా అంటే పెద్దవ్వ కూడా అని చెప్పలేదు. సూదిని మంట మీద కాల్చి, మందులో ముంచి ఆమె చేతికిచ్చాను. జన్మంతా పచ్చబొట్లు పొడిచేవాళ్లను చూసిన మనిషి, నా జబ్బ చర్మాన్ని బొటనవేలితో బిగించి పట్టిన తీరు మా తాలీమ్ మాస్టరుకు కూడా రాదు. పదిహేను పోట్లు వెయ్యాలన్నాను.

"ఒకటి, రెండు, మూడు…" గల్లీ అంతా దూరంగా నిలబడి చూస్తోంది. తొమ్మిది దగ్గర, "గిట్ల దొంగరాతలు రాయనీకె సదివించిండ్రా మీ అయ్య?" అని తిట్టడంలో లెక్క తప్పింది. "ఎంత దాకచ్చిన?"

"తొమ్మిది అవ్వా."

"నీ లెక్క నమ్మరాదు. మల్ల ఒకటికెల్లి."

మొత్తం ఇరవై నాలుగు పోట్లు. అరుగు మీది తాత నవ్వి నవ్వి దగ్గాడు.

తర్వాత ఆమె ఎడమ చెయ్యి చాపింది. ముంజేతి మీద చుక్కలు చుక్కలుగా తులసికోట. పైన దీపం ఉండాల్సిన చోట ఖాళీ. ఎనిమిదేళ్లప్పుడు నొప్పికి ఓర్వలేక పచ్చబొట్టు పొడిచేదాని గిన్నెను తన్ని పారిపోయిందట. ఆ చోటు అట్లాగే ఉండిపోయింది.

"గీడ పొడువు. సచ్చినంక సొమ్ములన్ని ఈడనే ఉంటయ్. ఎంటచ్చేది గిదొక్కటే. పురాగ జేసి పంపియ్యి."

తులసికోట మీద దీపం పెట్టమని మా నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు. పెట్టాను. పదిహేను పోట్లు, ఒక్కటీ తక్కువ కాకుండా. ఆమె మూతి ముడిచింది గాని చెయ్యి లాక్కోలేదు.

ఇక ఆమె గడప దాటకుండా అక్కడినుంచే కేకేసింది. "ఓ ముసలోళ్లారా, రాండ్రి! గియ్యాల మన పేర్లు గూడ పిలుస్తున్నరు!"

వచ్చారు. కర్రలు పట్టుకుని, గోడలు పట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని వచ్చారు. ముప్పైతొమ్మిది మందిలో ఇద్దరు రాలేదు. వాళ్లు పోయి అప్పటికే ఏడాది దాటిందట. పేర్లు చెప్పేటప్పుడు తాత మరిచిపోయాడు, నేను వాళ్లకు కూడా విజయవంతంగా టీకా వేశాను. అందులో ఒకాయన మొదట నిరాకరించి, నచ్చజెప్పగా ఒప్పుకున్నాడు. లెక్కలో లేనివాళ్లు అయిదుగురు తేలారు. చీకటి గదుల్లో మంచాలకు అతుక్కుపోయినవాళ్లు. ప్రతివాళ్లూ నోరు తెరిచి ఎవల కొడుకువని అడగబోతుంటే, తాత అరుగు మీదనుంచి ముందే అరిచేవాడు: "బిలోలోళ్ల పోరడు! నాకు అల్లుడయితడు! నీకు మనుమడయితడు! చెయ్యి సాపు!" ఎనిమిది నెలల కిందట నన్ను ఒక పూట తినేసిన వంశవృక్షం ఆ రోజు నా పనిని సగానికి సగం తగ్గించింది. ఆ మొదటిరోజే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే సరిపోయేది. నాకు తట్టలేదు. హోటల్ తట్టింది.

చివర తాత తన చెయ్యి చాపాడు.

"అల్లుడా, గిన్ని దినాలు ఏడవోయినవ్?"

"హోటల్ల ఉన్న మామా."

వేళాకోళం అనుకుని పకపకా నవ్వాడు. నేను పదిహేను పోట్లు వేశాను.

ఇక్కడ నా కలం కొంచెం మొరాయిస్తుంది. పెద్దవ్వ మనవడితో పాటు ఆ పెళ్లికి తాత కూడా వెళ్లాడు. అరుగు దిగని మనిషి, జన్మలో దిగిందే ఆ ఒక్కసారి. నాలుగో రోజున ఆయనకు జ్వరం వచ్చింది. రోగం సోకాక మూడు నాలుగు రోజుల్లో పడితేనే సూది కాస్తుంది, నేను వేసిన రోజుకు పెళ్లి జరిగి పన్నెండు రోజులు. ఆ సూదికి ఆయన అందలేదు. ఎనిమిది నెలల కిందట నేను చాయ్ తాగుతూ వేసిన సూది నిజంగా వేసి ఉంటే అందేవాడు. లెక్క ఇంతే. దీన్ని పెంచి చెప్పడం నాకు చేతకాదు.

ఆయన పోయాక రిజిస్టర్‌లో ఆయన పేరు ఎదుట "మరణించారు" అని రాశాను. ఆ మనిషి గురించి ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి నిజం అది.

మనవడు బతికాడు, మొహం నిండా గుంటలతో. పెద్దవ్వ చేతి మీద ఎనిమిదో రోజుకు ముత్యంలాంటి పొక్కు లేచింది. నెల తిరిగేసరికి ఆకుపచ్చ తులసికోట మీద తెల్లటి గుండ్రటి మచ్చ. దీపమే. మొహం చివరిదాకా అద్దంలాగే ఉంది. తమ్ముడు పోయాక ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడు వెళ్లినా మజ్జిగ ఇచ్చేది. ఆ గల్లీలో మళ్లీ నన్నెవరూ ఎవల కొడుకువని అడగలేదు. పైవాళ్లు నాకిచ్చిన మెమో కన్నా అది పెద్ద మెమో.

నా సంగతి తర్వాత చూస్తానన్న డాక్టరు మాట తప్పలేదు. మాహూర్‌కు బదిలీ చేశాడు. జనం మొక్కులు మొక్కి, కాళ్లు బొబ్బలెక్కేలా నడిచి చేరే కొండకు నన్ను సర్కారు శిక్ష కింద పంపించింది. రేణుకామాత దర్శనానికి వచ్చేవాళ్ల జబ్బలు మెట్ల కింద చూడటం నా పని. అక్కడ నేను పిల్లల్ని తెమ్మని ఎన్నడూ అరవలేదు. పిల్లల్ని ఎవరైనా తెస్తారు. "ముసలోళ్లు ముందుకు రాండ్రి, ముసలోళ్లు" అని తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి, దక్కనీలో ఒకసారి అరిచేవాణ్ణి. వచ్చినవాళ్లను నేనే ముందు అడిగేవాణ్ణి, మీరెవరి బిడ్డలు, ఏ ఊరు అని. వరస పెరిగేది, తోపులాట అయ్యేది. తనిఖీకి వచ్చిన మా సూపర్వైజరు అది చూసి, నాకు అమ్మవారు పూనిందని రిపోర్టులో రాశాడు. ఏ హోటల్‌లో కూర్చుని రాశాడో నేను అడగలేదు.

ఇక గుమాస్తా మాట. ఎడమ జబ్బ మీది టీకా మచ్చ రాసుకొమ్మంటే కలం ఆపి నా మొహం చూశాడన్నాను కదా. నవ్వి ఇలా అన్నాడు: "అది గుర్తింపు ఎలా అవుతుంది కాకా? టీకా మచ్చ అందరికీ ఉంటుంది."

చొక్కా చెయ్యి మడిచి చూపించాను. ఇరవై నాలుగు పోట్లది, వంకరగా, రూపాయి బిళ్లంత.

"రాసుకో బాబూ" అన్నాను. "అందరికీ ఉంటుందని నేను కూడా ఒకసారి రాశాను."